ఐసీడీ వేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

క్యాజువాలిటీలో ఒంటరిగా ఐసీడీ (ఛాతీలో చేరిన గాలి, రక్తం, నీరు బయటికి తీసే ట్యూబు) వేయాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ఛాతీ గోడలో రక్తనాళాల దారి తెలిస్తే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది తల్లీ.

పక్కటెముక కింది అంచున ఒక గాడి ఉంటుంది. అందులో పైనుంచి కిందికి సిర, ధమని, నరం వరసగా ఉంటాయి. అందుకే ట్యూబు ఎప్పుడూ కింది ఎముక పై అంచు మీదుగానే లోపలికి పోవాలి. ఆ అంచున కూడా ఒక చిన్న కొమ్మ నడుస్తుంది కానీ ప్రమాదం తక్కువ.

వెన్నెముక దగ్గర మాత్రం ఈ లెక్క చెల్లదు. అక్కడ ధమని ఇంకా గాడిలోకి చేరదు, రెండు పక్కటెముకల సందు మధ్యలోనే ఉంటుంది. ముసలివాళ్లలో వంకరలు కూడా తిరుగుతుంది. నా పీజీ రోజుల్లో ఒక పెద్దాయనకు వీపు వైపు, వెన్నుకు మరీ దగ్గరగా సూది గుచ్చి నీరు తీశాను. సాయంత్రానికి బీపీ పడిపోయింది. థియేటర్‌కు తీసుకెళ్లి ఛాతీ తెరవాల్సి వచ్చింది. ఆయన బతికారు. కానీ ఆ రోజు నుంచి చంక కిందే, పెక్టొరాలిస్ (ఛాతీ ముందు కండరం) అంచుకూ లాటిసిమస్ (వీపు కండరం) అంచుకూ మధ్య, ఐదో సందుకు కిందికి దిగకుండా వేస్తున్నాను. నువ్వూ అక్కడే వెయ్యి.

ఆ రోజే ఇంకొకటి నేర్చుకున్నాను. పక్కటెముక వెంట నడిచే ఈ ధమనికి వెనక నుంచి బృహద్ధమని, ముందు నుంచి మామరీ ధమని రక్తం పంపుతాయి. తెగితే రెండు కొసల నుంచీ కారుతుంది. ఒక వైపే కట్టి ఊరుకుంటే ఆగదు, రెండు వైపులా కట్టాలి.

ఆ మామరీ ధమని రొమ్ము ఎముక అంచుకు సెంటీమీటరు, ఒకటిన్నర దూరంలోనే కిందికి దిగుతుంది. ముందు వైపు సూది గుచ్చేటప్పుడు మధ్యకు జరగకు. నువ్వు గుండె సర్జరీ అంటున్నావు కదా, బైపాస్‌లో ఎల్‌ఏడీకి (గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ధమనికి) కలిపేది ఎడమ వైపు మామరీనే. రొమ్ము ఎముకకు కూడా ముఖ్యంగా దాని రక్తమే. షుగరు ఉన్నవాళ్లలో రెండు వైపులదీ తీసేస్తే ఆ గాయం మానడం కష్టమవుతుంది.

ట్యూబు వేశాక దానికి తగిలించిన బాటిల్ దగ్గరే కాసేపు నిలబడు. ఒకేసారి 1500 మిల్లీలీటర్ల రక్తం వచ్చినా, గంటకు 200 చొప్పున రెండు మూడు గంటలు వస్తున్నా ఆలోచించకుండా సీనియర్‌ని పిలువు. హఠాత్తుగా ఆగిపోతే సంతోషపడకు, గడ్డ కట్టి ట్యూబు మూసుకుందేమో చూడు.

నీ పెదనాన్న