అమ్మలూ, తలకి తగిలితే వెంటనే బయటికొచ్చెయ్యి

అమ్మలూ,

టొరంటోలో ఐస్ హాకీ టీములో చేరావని నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. కబడ్డీ ఆడిన ఇంటి పిల్లవి కదా, పొద్దున్నే వీధి అరుగు మీద అందరికీ చెప్పేశాను. తర్వాత ఫోన్లో ఒక మ్యాచ్ పెట్టుకుని చూస్తే ఒకమ్మాయి జారుకుంటూ వెళ్ళి చుట్టూ ఉన్న బోర్డుకి కొట్టుకుంది. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

మీ టీము ఆడే ఆడవాళ్ళ ఆటలో బాడీ చెకింగ్, అంటే కావాలని ఒంటితో గుద్దడం, ఉండదు, భయం లేదన్నావట. కావాలని గుద్దకపోయినా బోర్డు బోర్డే, ఐసు ఐసే. హెల్మెట్ కదలకుండా బిగించుకో, మౌత్‌గార్డ్ మర్చిపోకు, తల దించుకుని బోర్డు మీదకి దూసుకెళ్ళకు. ఇవన్నీ మీ కోచ్ చెప్పే ఉంటారు. కానీ హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపుని ఆపలేదు. ఆ కుదుపే కంకషన్. దానికి స్పృహ తప్పక్కర్లేదు, మామూలు స్కాన్‌లో కూడా కనబడదు.

నేను డ్రిల్లు మాస్టారుగా ఉన్నప్పుడు రాజాం దగ్గర సంక్రాంతికి కబడ్డీ పోటీలు. కూతకి బాగా వెళ్ళే కుర్రాణ్ణి ఇద్దరు పట్టి పడేస్తే తల వెనకభాగం నేలకి తగిలింది. లేచి మట్టి దులుపుకుని "స్కోరెంత మాస్టారూ?" అన్నాడు. చెప్పాను. నీళ్ళు తాగొచ్చి మళ్ళీ అదే అడిగాడు. మూడోసారి అడిగితే "ఆట మీద ధ్యాస పెట్టరా" అని కసురుకున్నాను. రెండు పాయింట్ల తేడా, ఇంకా ఆరు నిమిషాలుంది. వీపు తట్టి లోపలికి పంపింది నేనే. మళ్ళీ పడ్డాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి వాంతి చేసుకుంటే బజ్జీలు పడలేదనుకున్నాను. వాడిది పదో తరగతి. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయనేవాడు, ట్యూబ్‌లైటు వేస్తే కళ్ళు మూసుకునేవాడు. ఆ మార్చిలో పరీక్షలు రాయలేకపోయాడు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ చీపురుపల్లిలో ఎదురుపడితే "బాగున్నారా మాస్టారూ" అంటుంది, నాకు నోరు పెగలదు.

మీ కెనడా ఐస్ హాకీ స్టార్ సిడ్నీ క్రాస్బీకైనా అంతే కదా. 2011 జనవరి 1న తలకి దెబ్బ తగిలినా ఆడుతూనే ఉన్నాడు, నాలుగు రోజులకి ఇంకోటి తగిలింది, మళ్ళీ మ్యాచ్ ఆడింది నవంబరు 21న. అందుకని చెప్తున్నాను, తలకి దెబ్బ తగిలాక ఏ కాస్త తేడా ఉన్నా ఆ రోజుకి ఆట లేదు. "నాకేం కాలేదు" అని నువ్వు తేల్చుకోవద్దు, దెబ్బ తగిలిన తలే కదా ఆలోచించేది. వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, చెయ్యి తిమ్మిరెక్కినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు, ఒక్కదానివే వెళ్ళకు. లేకపోతే ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ పక్కన పెట్టు, తర్వాత నడక, ఆ తర్వాత కొంచెం కొంచెంగా స్కేటింగ్. డాక్టరు సరేనన్నాకే మ్యాచ్. మీ ఒంటారియోలో దీనికోసం 2018లో రోవన్స్ లా అని చట్టమే చేశారు, కోచ్ కూర్చోబెడితే కోపం తెచ్చుకోకు తల్లీ.

నీ పక్కన ఆడే అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచు. నువ్వు ఒకే మాట రెండుసార్లు అడిగితే, నువ్వెంత గింజుకున్నా సరే, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కురమ్మను.

తాతయ్య,
విజయనగరం