దిగమన్నదెవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మ్యాన్‌హోల్‌లో మనిషి ఊపిరాడక చనిపోయే ఘట్టాన్ని బాగా రాశావు, అవసరానికి మించి బాగా రాశావు. దుర్గంధానికి ఒక పేజీ కేటాయించావు గానీ, అతణ్ని దిగమన్నదెవరో ఒక్క వాక్యంలోనూ చెప్పలేదు. పాఠకుడు ముక్కు మూసుకుని, కాస్త జాలిపడి, పేజీ తిప్పేస్తాడు.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకు. మున్సిపాలిటీ పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తుంది, కాంట్రాక్టరు మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ నేరుగా ఆ బస్తీకే వెళ్ళి తలుపు తడతాడు. పక్క వీధిలోనూ పనిలేని కుర్రాళ్ళున్నారు, అక్కడికి మాత్రం వెళ్ళడు. అతనెందుకు వెళ్ళడో కథలో చూపకపోతే, కులం గురించి ఎన్ని పేరాలు రాసినా అది ఉపన్యాసమే అవుతుంది. దిగినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు కనుకనే, చనిపోయాక 'తనంతట తానే దిగాడు' అని చేతులు దులుపుకుంటారు. రక్షణ పరికరాలివ్వకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 1993 నుంచి ఇలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. నీ కథలోని భార్య ఆ డబ్బు కోసం ఏ ఆఫీసు మెట్లెక్కింది, అతను ఆ పనిలోనే ఉన్నాడనడానికి ఏ రుజువు అడిగారు? నువ్వు వదిలేసిన కథ అక్కడుంది.

కోలార్ బంగారు గనుల గురించి కూడా చదువు. అక్కడ తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు పాకీదొడ్లు ఎత్తాయి. పాకీపని నిర్మూలన కోసం పోరాడే బెజవాడ విల్సన్ అలాంటి ఇంట్లోనే పుట్టాడు. 1993లోనే నిషేధ చట్టం వచ్చినా, ఆ పని మా దగ్గర లేనే లేదని రాష్ట్రాలు కోర్టులో వాదిస్తుంటే, అతని సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ ఊరూరా ఆధారాలు సేకరించి ముందుంచింది. రచయితకు కావలసిన ఓపిక అదే.

ఇంకొకటి. మరుగుదొడ్డి కడిగే మనిషికి మరుగుదొడ్డి ఎక్కడుందో నీ కథ అడగనేలేదు. తెల్లవారకముందే రోడ్లూడ్చడానికి వచ్చే స్త్రీలు, దారిలో మూత్రానికి వెళ్ళడానికి చోటు లేక, మంచినీళ్ళు తాగడమే మానుకుంటారు. అపార్టుమెంటులో నాలుగిళ్ళ బాత్రూములు కడిగే ఆమె, తన అవసరానికి మాత్రం కింద వాచ్‌మన్ గది పక్కనున్న దొడ్డికి దిగాలి. ఆ ఇంటావిడను దుర్మార్గురాలిగా చిత్రించకు. పండక్కి చీర పెడుతుంది, టీ కూడా ఇస్తుంది, విడిగా ఉంచిన గ్లాసులో.

చివర్లో కొడుకు కలెక్టరయ్యే పేరా తీసెయ్. నెల తిరక్కుండానే అదే మేస్త్రీ వచ్చి, తండ్రి పని ఖాళీగా ఉందని ఆ కుర్రాణ్ని అడుగుతాడు. వాడేమంటాడో రాసి పంపు.