సైన్స్ నోట్సు, రాతపని, ప్రాజెక్టులు కలగాపులగం కాకుండా పిల్లలకు ఏది నేర్పాలి?

నోట్‌బుక్ మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదిలించి, ఇచ్చిన ప్రతి పనినీ అదే రోజు పేజీ నంబరు, గడువుతో సహా అందులో రాయించండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మనసు ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి పట్టుకోలేదు, మన హైస్కూళ్లలో చూస్తే రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ అన్నీ భౌతిక, జీవశాస్త్రాలకు విడివిడిగా ఉంటాయి పాపం. ఉదాహరణకు "జింకు ముక్కలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పేజీ 14, శుక్రవారం" అని ఒక్క వరుస చాలు. ఆ ప్రయోగంలో వచ్చిన హైడ్రోజన్ వాయువు వెలిగించిన పుల్ల దగ్గర 'టప్'మన్న సంగతి, బొమ్మ, సమీకరణం ఆ 14లోనే ఉండాలి. ఇచ్చేశాక టిక్కు. చాలామంది రంగు పెన్నులు, అందమైన హెడ్డింగులే పద్ధతి అనుకుంటారు, కానీ ఎంత అందంగా రాసినా, పరీక్ష ముందురోజు ఆ పేజీ దొరక్కపోతే పిల్లాడికి అది లేనట్టే.