వేపింగ్ మీద రాసే తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ‘సిగరెట్ కంటే వేప్ (ఇ-సిగరెట్) ప్రమాదకరం’ అని తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్. అది నిజం కాదు. పైగా వేప్ లాగే ఇరవయ్యేళ్ల కుర్రాడు అక్కడితో చదవడం ఆపేస్తాడు. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది, తారూ కార్బన్ మోనాక్సైడూ ఆ కాలడంలోంచే పుడతాయి. వేప్‌లో పొగాకు కాలదు. ఈ సంగతి వాడికి బాగా తెలుసు. తెలిసిందాన్ని కాదంటే, తెలియనిది చెబితే మాత్రం వింటాడా?

వేప్ లాగే కుర్రాళ్ల నమ్మకాలు అడిగేటప్పుడు దేనితో పోల్చి అడుగుతున్నావో చూసుకో. ‘వేప్ హానికరమా?’, ‘సిగరెట్‌తో పోలిస్తే?’, ‘ఏదీ ముట్టనివాడితో పోలిస్తే?’ అని అడిగితే ఒకే మనిషి మూడు రకాలుగా చెబుతాడు. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ చెప్పిన ‘95 శాతం తక్కువ హాని’కి పట్టిన గతి ఇదే. అది నిపుణులు వేసిన అంచనా, అదీ సిగరెట్‌తో పోల్చి. సిగరెట్ మానలేనివాళ్లకు పనికొచ్చే ఆ మాటను, ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లలు తమకిచ్చిన హామీ అనుకున్నారు.

అసలు బలం పెట్టాల్సింది నికోటిన్ దగ్గర. జూల్ అనే బ్రాండ్ వేప్ వాడుతున్న 15–24 ఏళ్ల అమెరికన్లలో 63 శాతం మందికి అందులో ఎప్పుడూ నికోటిన్ ఉంటుందని తెలియదని 2018లో అచ్చయిన ఒక సర్వే తేల్చింది. ఎందుకు తెలియలేదో కూడా రాయి. మామూలు నికోటిన్ మోతాదు పెరిగితే గొంతు మండుతుంది, దగ్గొస్తుంది. దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మారిస్తే ఆ ఘాటు తగ్గిపోతుంది. ఇక మామిడిపండు రుచి తప్ప నాలుక్కి ఇంకేం తెలుస్తుంది?

లెక్క కూడా వేసి చూపించు. బ్రిటన్‌లో చట్టం ఒప్పుకునేది మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్, పాడ్‌కు (వేప్‌లో ద్రవం ఉండే చిన్న గొట్టానికి) 2 మిల్లీలీటర్లు, అంటే 40 మిల్లీగ్రాములు. అయిదు శాతం నికోటిన్ అని రాసి ఉన్న సరుకైతే అదే 2 మిల్లీలీటర్లలో సుమారు 100. ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. ఇక్కడే కొత్తవాళ్లు తప్పులో కాలేస్తారు: వందను ఒకటితో భాగించి ‘ఒక పాడ్ వంద సిగరెట్లు’ అని శీర్షిక పెడతారు. పాడ్‌లో ఉన్నదంతా రక్తంలోకి పోదు. దానికంటే ఇంకోటి చెప్పు: సిగరెట్ పది పన్నెండు దమ్ములకు అయిపోతుంది, పాడ్‌కు అలాంటి ఆగే చోటు లేదు. అందుకే ‘రోజుకు ఎన్ని?’ అని అడిగితే జవాబు రాదు. ‘నిద్ర లేచాక ఎంతసేపటికి?’ అని అడుగు. అరగంటలోపే అన్నాడంటే అలవాటు ముదిరినట్టే.

‘ఆవిరే కదా’ అనేవాళ్లకు లోపలున్నది చూపించు: బ్యాటరీ, చిన్న లోహపు తీగచుట్ట, దాన్ని అంటిపెట్టుకుని దూది. దూది పీల్చుకునేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్. వెంటవెంటనే లాగితే దూది తడిసే లోపే తీగ వేడెక్కి దూది మాడుతుంది, మాడు రుచి వస్తుంది. ఫార్మాల్డిహైడ్, ఆక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు పెరిగేది అప్పుడే. తీగ నుంచి నికెల్, క్రోమియం కూడా రావచ్చు. ఫ్లేవర్ తినడానికి పనికొస్తుందన్న ధ్రువీకరణ పొట్టకే గానీ ఊపిరితిత్తులకు కాదు.

2019లో అమెరికాలో వేప్ లాగేవాళ్లకు వచ్చిన ఊపిరితిత్తుల జబ్బును దీనితో కలిపేయకు. 2020 ఫిబ్రవరికి 2,807 కేసులు, 68 మరణాలు. వాటిలో ఎక్కువ భాగానికి కారణం గంజాయి సారపు వేప్‌లలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. మామూలు నికోటిన్ పాడ్‌కు ఆ లెక్క అంటగడితే ఆ సంగతి తెలిసిన కుర్రాడు నిన్ను ఇట్టే పట్టేస్తాడు.

డల్లాస్‌లోనో లండన్‌లోనో చదివేవాడికీ హైదరాబాద్‌లో ఉన్నవాడికీ ఒకే పేరా సరిపోదు. మన దేశంలో 2019 చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధించింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఇక్కడ చాటుగా దొరికేదాని మీద ‘నికోటిన్ లేదు’ అని రాసి ఉన్నా దాన్ని పరీక్షించి ముద్ర వేసినవాళ్లెవరూ లేరు. బ్రిటన్ లెక్కలు ఆ డబ్బాకు వర్తించవు.

చివరగా, ఆ నల్లబడ్డ ఊపిరితిత్తుల ఫొటో తీసెయ్. అది సిగరెట్ వ్యతిరేక ప్రచారానికి వాడేది. ఆ చోట విప్పిన పాడ్ ఫొటో పెట్టు, తీగ పక్కన మాడిన దూది కనిపించేలా.