బోమాల మట్టి గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కెన్యాలోని లైకిపియాలో పశువుల పని ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అక్కడి సవన్నాలో, అంటే చెట్లు పలచగా ఉండే గడ్డినేలల్లో, ఉన్నన్నాళ్లూ నేను బాగా పట్టించుకున్నది బోమాల మట్టినే. నీకు పనికొస్తుందని రాస్తున్నాను.

బోమా అంటే తుమ్మజాతి ముళ్లకంపతో గుండ్రంగా కట్టే దొడ్డి. సింహాల భయానికి, హైనాల భయానికి రాత్రిళ్లు మందను అందులోకి తోలతారు. పగలంతా తిరిగి మేసింది రాత్రికి పేడగా, మూత్రంగా ఒక్కచోట పడుతుంది. చుట్టుపక్కల బీళ్ల సారాన్ని మోసుకొచ్చి కుప్పపోయడమే తప్ప బోమా కొత్తగా పుట్టించేదేం లేదు. ఎవరైనా తమ దొడ్డి నేల బంగారమైందంటే, ఆ సారం ఎటునుంచి వచ్చిందో అటు కూడా వెళ్లి చూడు.

వదిలేసిన బోమాలో గడ్డపారతో ఓ గుంట తీయించు. పైన బూడిదరంగు ఎండుపేడ, కింద ఎర్రమట్టి, మధ్యలో గీత గీసినట్టు తేడా. మొదట్లో అక్కడ పెద్దగా ఏమీ మొలవదు. తొక్కిడికి నేల బిగిసి ఉంటుంది, పేడ ఘాటూ ఎక్కువే. కొన్నేళ్లకి గరిక జాతికే చెందిన స్టార్ గడ్డి పాకుతుంది. చుట్టూ తుమ్మలు, నడుమ చెట్టులేని పచ్చిక. ఇంపాలాలనే జింకలు అక్కడికే చేరి మేసి, అక్కడే పెంటికలు వేస్తాయి గనక సారం తరగకుండా తిరుగుతుంటుంది. నైరుతి కెన్యాలో కనీసం 1,500 ఏళ్ల కిందటి పశుపాలకుల చోట్లలో భాస్వరం, కాల్షియం, మెగ్నీషియం ఇంకా ఎక్కువగానే ఉన్నాయని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది.

నత్రజనిని మాత్రం అంత నమ్మడానికి లేదు. మూత్రంలో ఉన్నదాంట్లో కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. పొద్దున్నే దొడ్డిలో అడుగుపెడితే కళ్లు మండేది దానికే. ఏళ్ల తరబడి ఒకేచోట కట్టేస్తే ఆ నష్టం పెరుగుతూ పోతుంది, బయటి బీళ్లు అటు చిక్కిపోతాయి. అందుకే నా ఓటు ఊడదీసి మార్చుకునే ఇనుప కంచెల బోమాకే. ఓ వారం, రెండు వారాలు ఉంచి జరుపు. పైపొర గట్టిపడి బోడిగా ఉన్న నేల చూసి కట్టించు: గిట్టలు ఆ పొరను పగలగొడతాయి, పేడ పడుతుంది, వానకి గడ్డి లేస్తుంది. మంచి గడ్డి ఉన్నచోట కట్టడం దండగ. వాగు పక్కన అసలొద్దు, ఒక్క జడివానకి ఎరువంతా వాగుపాలు. లైకిపియాలో నల్లరేగడీ ఉంది. వానల్లో దానిమీద మందను నిలబెడితే ఏమవుతుందో నీకు చెప్పాలా!

కాపరులు చోటు ఎంచుకునేటప్పుడు వాళ్ల వెంటే ఉండు, నీ సలహా తర్వాత.

మట్టి నమూనాలు దొడ్డి నడిమధ్య నుంచి కంచె దాటి బాగా బయటిదాకా వరసగా తీయి. అన్నీ కలిపి సగటు కట్టావా, తేడా కాస్తా మాయం. సంచి మీద లోతు, ఎన్నాళ్లు వాడారు, ఎప్పుడు వదిలేశారు అన్నవి రాయి. వదిలేసిన ఏడాది కాగితాల్లో దొరక్కపోవచ్చు. అక్కడి ముసలాళ్లనడుగు, ఫలానా కరువుకి ముందనో తర్వాతనో చెబుతారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకో.

ఇట్లు,
మామయ్య