అప్పుల టెన్షన్ వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులో పని. కొన్ని నెలలుగా అంగస్తంభన సరిగా ఉండడం లేదు. అప్పుల టెన్షన్ వల్లేనా?

జవాబు: తెల్లవారుజామున నిద్ర లేచేటప్పుడు స్తంభన మామూలుగానే వస్తోందా, ముందు అది గమనించండి, వస్తుంటే టెన్షన్, మళ్లీ ఫెయిలవుతానన్న భయమే కారణం కావచ్చు. అప్పుడు కూడా రావట్లేదంటే, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందంటే షుగర్, బీపీ, సిగరెట్లను అనుమానించాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాల కన్నా సన్నవి కాబట్టి పూడిక మొదలైతే ఒక్కోసారి ముందు ఇక్కడే బయటపడుతుంది, గుండెనొప్పి రావడానికి ఏళ్ల ముందే. అందుకే సిగ్గుపడి ఊరుకోకండి, దయచేసి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి మాత్రలు మాత్రం కొనొద్దు: గుండెకు నైట్రేట్ మందు వాడేవాళ్లు అవి వేసుకుంటే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. మీ ఆవిడకూ విషయం చెప్పండి, తన మీద ఇష్టం పోయిందని ఆమె లోలోపల బాధపడుతూ ఉండొచ్చు.