ఎక్స్‌పల్స్ 200 మీద హైదరాబాద్ నుంచి స్పితి వెళ్ళిరావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 60 కిలోలు, ఇంట్లో హీరో కంపెనీ బైకు ఎక్స్‌పల్స్ 200 ఉంది, వచ్చే ఏడాది ఒంటరిగా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్ళాలని కోరిక. స్నేహితులేమో "అంత దూరానికి 400 సీసీ అయినా ఉండాలి, ఇది అమ్మేసి పెద్ద బండి తీసుకో" అంటున్నారు.

అమ్మకండి. నేనూ మీ ఎత్తే. బరువు మీకన్నా రెండు కిలోలు ఎక్కువ. 2020 మోడల్ ఎక్స్‌పల్స్ మీద 2022 జూన్‌లో హైదరాబాద్ నుంచి కిన్నౌర్ వైపుగా స్పితిలోని ప్రధాన ఊరు కాజా వెళ్ళి, కుంజుమ్ కనుమ దాటి మనాలీలో దిగి, మళ్ళీ హైదరాబాద్ వచ్చాను. 17 రోజులు, దాదాపు 4,700 కిలోమీటర్లు.

ముందు హైవే సంగతి, ఎందుకంటే మీ స్నేహితులు చెప్పేదాంట్లో నిజం ఉన్నది అక్కడే. ఈ బండి 18 హార్స్‌పవర్‌కి కాస్త అటూఇటూ, అయిదే గేర్లు. 80 దగ్గర పెడితే రోజంతా హాయిగా పోతుంది. 90 దాటిస్తే ఇంజన్ కష్టపడుతున్నట్టు చేతులకీ కాళ్ళకీ తెలుస్తుంది. లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి, చివరి క్షణంలో యాక్సిలరేటర్ తిప్పితే దూసుకుపోయే బండి కాదు. 2021లో వచ్చిన ఫోర్ వాల్వ్ మోడల్ ఈ విషయంలో కొంత నయం. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 ఆరు గేర్లతో, 24.6 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తితో ఇంకా నయం. అయినా ఉన్న బండిని అమ్మి కొనేంత తేడా ఈ ఒక్క ప్రయాణానికి అక్కర్లేదు.

నేను చేసిందల్లా తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరడం. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి కొంపల్లి, మేడ్చల్ మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కేశాను. నిర్మల్‌లో ఇడ్లీ. ఎండ ముదిరే వేళకు ఆదిలాబాద్ దాటేశాను, మధ్యాహ్నం మూడింటికి నాగపూర్‌లో గది. 80లో వెళ్తే 500 కిలోమీటర్ల రోజుకు పదిన్నర గంటలు పట్టింది, ఆగడాలన్నీ కలిపి. మర్నాడు సాగర్, ఆపైన గ్వాలియర్, నాలుగో రాత్రి కర్నాల్. పెంచ్ అడవిలో పులులూ దుప్పులూ కింద నుంచి దాటేలా రోడ్డును స్తంభాల మీద కట్టిన చోట, తెల్లవారుతుండగా నెమ్మదిగా వెళ్ళడం నాకు ఈ ప్రయాణంలో బాగా నచ్చిన గంటల్లో ఒకటి. సీటు సన్నం కాబట్టి గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు నడవండి.

సెలవు తక్కువుంటే ఈ నాలుగు రోజులూ మానేసి, బండిని రైల్లో ఢిల్లీకి పార్సిల్ వేయండి. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేసి, ఆర్‌సీ కాపీ ఇచ్చి, అద్దాలు విప్పి గోనెపట్టా కట్టించాలి. పదిహేడు రోజుల సెలవు దొరక్కపోతే నేనైతే అదే చేస్తాను.

ఇక కొండల్లో సంగతి. నారకండ, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, టాబో, కాజా వరుసలో వెళ్తే మొత్తమ్మీద ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటవుతుంది. కాజాలోనే రెండు రాత్రులు ఉండండి. రెకాంగ్ పియో దాటాక పెట్రోల్ బంకు మళ్ళీ కాజాలోనే, సుమారు 200 కిలోమీటర్లు. కాజా నుంచి మనాలీ కూడా ఇంచుమించు అంతే. 13 లీటర్ల ట్యాంకు, నాకు లీటరుకు 35 పైనే వచ్చింది. డబ్బాలో పెట్రోల్ మోసుకెళ్ళాల్సిన అవసరమే రాలేదు.

కుంజుమ్ దగ్గర 4,500 మీటర్లు దాటిన ఎత్తులో గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఏ ఇంజన్ అయినా నీరసిస్తుంది. మొదటి గేర్‌లో మెల్లగా ఎక్కించాను, ఒక్కచోట కూడా ఆగిపోలేదు.

అసలు పరీక్ష కుంజుమ్ దిగాక, బాతల్ నుంచి గ్రాంఫూ దాకా. చాలాచోట్ల రోడ్డనేదే లేదు, గుండ్రాళ్ళ మీదుగా వాగులు పారుతుంటాయి. పొద్దున దాటితే నీళ్ళు పాదాల దాకా, ఎండెక్కి పైన మంచు కరిగాక అదే వాగు మోకాళ్ళ దాకా. ఆ రోజు నేను బయల్దేరడం ఆలస్యం చేశాను. ఛత్రు అనే మజిలీ ఇంకా ముందుందనగా ఒక వాగులో ముందు చక్రం రాయెక్కి జారింది, బండి కుడివైపుకి పడింది. కాలు ఇరుక్కోలేదు, అదృష్టం. ఇంజన్ ఆపే కిల్ స్విచ్ నొక్కాను. గేర్‌లోనే ఉంది, చక్రం దొర్లదు. ఎడమవైపు సైడ్ స్టాండ్‌ని ముందే బయటికి లాగాను, లేపాక అవతలికి పడకుండా. తర్వాత బండికి వీపు పెట్టి, సీటు అంచుకు నడుము కింది భాగం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక రాక్ పట్టుకుని, కాళ్ళతో వెనక్కి నెట్టాను. బూట్లలోకి ఐసునీళ్ళు. మొదటిసారి లేవలేదు. ఆయాసం తీరేదాకా నిలబడి రెండోసారి నెడితే లేచింది. చుట్టుపక్కల మనిషి లేడు. 157 కిలోల బండి కాబట్టి లేచింది. 200 కిలోలకు దగ్గరగా ఉండే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ అయితే ఎవరైనా వచ్చేదాకా ఆ నీళ్ళలోనే నిలబడేవాణ్ణి. హిమాలయన్ మంచి బండి, హైవే మీద దీనికన్నా ఎంతో స్థిరంగా ఉంటుంది. కానీ మీ బరువుకీ, ఒంటరి ప్రయాణానికీ నా ఓటు తేలిక బండికే. లోయిస్ ప్రైస్ అనే ఆవిడ 225 సీసీ యమహా మీద అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరిదాకా వెళ్ళారు. దాంతో పోలిస్తే స్పితి ఎంత!

ఆ తేలికని సామానుతో పాడుచేసుకోకండి. నా మొత్తం సామాను 14 కిలోలు: రెండువైపులా శాడిల్ బ్యాగులు, వెనక ఒక చిన్న సంచి. బరువైనవన్నీ కిందికి, సీటుకు దగ్గరగా పెట్టాలి. వెనక రాక్ మీద పెద్ద డబ్బా బిగించి నింపితే ముందు చక్రం తేలిపోయి ఇసుకలో హ్యాండిల్ మాట వినదు. ఇద్దరు కూర్చుని సామాను కట్టుకుని వెళ్ళే బండి మాత్రం కాదు ఇది.

టైర్లు ట్యూబువి. ముందు 21 అంగుళాలు, వెనక 18. నాకు టాబో చేరకముందే వెనక చక్రం పంక్చరైంది. 18 ట్యూబ్ ఎక్కడో అక్కడ దొరుకుతుంది, 21 చిన్న ఊళ్ళలో అడిగితే తల అడ్డంగా ఊపుతారు. అందుకని 21 ట్యూబే తీసుకెళ్ళండి. అవసరమైతే దాన్ని వెనక టైరులోనూ దూర్చి తర్వాతి ఊరిదాకా రావచ్చు, నేను అలాగే కాజా చేరాను. మూడు టైర్ లివర్లు, చేతిపంపు, క్లచ్ కేబుల్, క్లచ్, బ్రేక్ లివర్లు ఒక్కోటి, చైన్‌కి వేసే నూనె చాలు. చక్రం విప్పి ట్యూబ్ మార్చడం ఇంటి దగ్గరే రెండుసార్లు చేసి చూసుకోండి. నాకు మొదటిసారి గంటా ఇరవై నిమిషాలు పట్టింది, టాబో దగ్గర నలభై.

వెళ్ళేముందు ఒక శని, ఆదివారం మారేడుమిల్లి వెళ్ళి గుడిసె కొండ మట్టిరోడ్డు ఎక్కిరండి, స్పితికి కట్టబోయే సామానంతా కట్టుకునే. పైన ఖాళీ గడ్డినేల మీద బండిని మెల్లగా పడుకోబెట్టి, ఎవరి సాయం లేకుండా లేపండి. కాసేపాగి మళ్ళీ లేపండి. రెండోసారి లేవకపోతే సంచులు విప్పి ఇంకో మూడు కిలోలు తీసేసి, మళ్ళీ ప్రయత్నించండి.